మామ వచ్చినాడు

చిన్నమ్మ బాత్రూములో కాలు జారి పడిందని నంద్యాల నుంచి ఆమె కూతురు ఫోను చేసినప్పుడు నాకు ముందుగా కలిగింది దిగులు కాదు, భయం. తుంటి ఎముక చిట్లిందట, నెలరోజులు మంచం దిగొద్దని డాక్టరు చెప్పాడట, అవన్నీ తర్వాత చెవిలో పడ్డాయి. "నీళ్ళలో జారింది" అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. చిన్నమ్మ, నీళ్ళు, ఈ రెండూ ఒక మాటలో కలిసి వినపడితే చాలు, ఇన్నేళ్ళ తర్వాత కూడా నా మోకాళ్ళ కింద చల్లగా ఏదో పాకుతుంది. ఆళ్ళగడ్డలో బస్సెక్కి కూర్చున్నానే గానీ, నంద్యాల వచ్చేదాకా చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకునే ఉన్నాను. పక్కన కూర్చున్నామె "ఏమ్మా, కింద తడిగా ఉందా?" అని అడిగితే గానీ ఆ సంగతి నాకే తెలియలేదు.

చిన్నమ్మ పేరు మద్దమ్మ. మా అమ్మకు చెల్లెలు. డెబ్బై దాటాయి. కూతురు పొద్దున్నే బట్టల అంగడికి పనికి పోతుంది కాబట్టి నేనక్కడున్న పదిహేను రోజులూ నేనే ఆమెకు తోడు. సంగటి కెలికి, ఒళ్ళు తుడిచి, తల దువ్వి, మంచం పక్కన చాప వేసుకుని కూర్చునేదాన్ని. ఇద్దరం ఎన్నెన్ని మాట్లాడుకున్నామో. చచ్చినవాళ్ళను, బతికినవాళ్ళను, ఎవరి పెళ్ళిలో పులుసు మాడిపోయిందో దాన్ని కూడా వదల్లేదు. అయితే ఒక్కదాని చుట్టూ మాత్రం తిరిగి తిరిగి పక్కకు తప్పుకునేవాళ్ళం. ఆ ఒక్కదాని గురించే ఇప్పుడు రాస్తున్నాను. నేను చదివింది నాలుగో తరగతి దాకా, తప్పులుంటే చదివేవాళ్ళే దిద్దుకోవాలి.

మా నాయన ఆళ్ళగడ్డలో రాళ్ళ పని చేసేవాడు. దేవుళ్ళ బొమ్మలు చెక్కే అంగడిలో ఉలి పట్టేవాడు. మా ఇంట్లో అన్నం మీద, నీళ్ళ కడవలో, మా తలవెంట్రుకల్లో ఎప్పుడూ తెల్లటి రాతిపొడి ఉండేది. పొద్దున లేస్తే ఉలి చప్పుడు, సాయంత్రం దాకా అదే చప్పుడు. ఆ చప్పుడులో పెరిగిన పిల్లకు నీళ్ళంటే ఏం తెలుస్తుంది? వానాకాలం వక్కిలేరు పారితే మోకాలిదాకా దిగి కాళ్ళు కడుక్కోవడమే నేను ఎరిగిన నీళ్ళు. నాకు పదో పదకొండో ఏడు నడుస్తుండగా కడుపుతో ఉన్న అమ్మకు కష్టమైంది. కాళ్ళు వాచాయి, మంచం మీద నుంచి లేవొద్దని నర్సమ్మ చెప్పింది. కాన్పయ్యేదాకా నన్ను చిన్నమ్మ దగ్గర వదలాలని పెద్దవాళ్ళు తీర్మానించారు.

నన్ను తీసుకుపోయింది మద్దిలేటి మామ. అమ్మకూ చిన్నమ్మకూ ఒక్కగానొక్క తమ్ముడు. సున్నిపెంటలో డ్యాము పనివాళ్ళ ఇళ్ళ మధ్య టీ అంగడి నడిపేవాడు. మామ వస్తే ఇంట్లో ఎవరూ ఉన్నచోట ఉన్నట్టుగా ఉండేవాళ్ళు కాదు. తలుపు వెనక దాక్కుని మీద పడేవాడు. గోనెసంచి కప్పుకుని పొయ్యి దగ్గర ముడుచుక్కూర్చుని, అమ్మ కట్టె అందుకోబోతే గుర్రుమనేవాడు. "ఈ సచ్చినోడు మంచోడు కాదు" అని అక్కలిద్దరూ నోరారా తిట్టేవాళ్ళు, ఆ తిట్టులోనే ముద్దు ఉండేది. నంద్యాలలో బస్సు మారి, ఆత్మకూరులో దిగి, అక్కడి నుంచి ఒక ఎద్దులబండి పట్టుకుని చిన్నమ్మ పల్లెకు పోయాం. నన్ను దింపి పోతూ మామ నా చెవిలో చెప్పాడు: "మీ యమ్మకు కాన్పు కాంగానే నేనే వస్తా. బండిలో గాదు, నీళ్ళ మీద పుట్టిలో వస్తా. నిన్ను రాణి మాదిరి కూర్చోబెట్టుకోని పోతా. సరేనా?" ఆ మాట పట్టుకునే నేను అక్కడ రోజులు లెక్కపెట్టుకున్నాను.

చిన్నమ్మ వాళ్ళ పల్లె కృష్ణ వెనకనీళ్ళ ఒడ్డున ఉండేది. డ్యాము కట్టాక నది వెనక్కి తన్ని పొలాల్లోకి ఎక్కింది. పాత పల్లె నీళ్ళ కింద ఉంది, కొత్త పల్లె గట్టు మీద ఉంది. వినాయక చవితి దాటి దసరా రాకముందు, వానలు వెనకబట్టి ఎండ మెత్తబడే ఆ నాళ్ళలో నీళ్ళు నిండుగా ఉండేవి. గట్టు కింది జొన్నచేల మోళ్ళ మీదికి, గడ్డి మీదికి మోకాలి లోతున పరుచుకునేవి. మునిగిన గడ్డిలో మేతకు చేపలు ఒడ్డుకు వచ్చేవి. మగవాళ్ళు పుట్టేసుకుని నడినీళ్ళలోకి వలలకు పోతే, ఆడవాళ్ళు ఈ మోకాటి నీళ్ళలో నిలబడి గాలం వేసేవాళ్ళు. పుట్టి అంటే వెదురుబద్దలతో అల్లిన గుండ్రటి పడవ, పెద్ద గంప లాగా ఉంటుంది. ఆ నెలా నెలన్నర రోజులే ఒడ్డు చేపకు పంట. తర్వాత నీళ్ళు తగ్గి బురద మిగులుతుంది.

ఆ ఇంట్లో మొదటి రోజు నుంచే నాకు భయం. మూడు గదుల మట్టిమిద్దె, చూరు కింద తాళ్ళకు వేలాడే ఎండుచేపలు, వాటి వాసన దిండుకు కూడా పట్టి ఉండేది. తెల్లారుజామున కళ్ళు తెరిస్తే ఉలి చప్పుడు లేదు. గట్టు కింద నుంచి నీళ్ళు రాళ్ళను నాకుతున్నట్టు ఒక చప్పుడు, అంతే. ఎవరో పెద్ద నాలుకతో ఇంటిని కిందనుంచి నాకుతున్నారనిపించేది. లేచి చూస్తే నీళ్ళ మీద మంచు పొగ, ఆ పొగలో పాత పల్లె చెట్ల మొద్దులు నల్లగా తలలెత్తి నిలబడి ఉండేవి. ఒక్కోరోజు ఒక్కో చోట ఉన్నట్టుండేవి. "మొద్దులు నడుస్తాయా చిన్నమ్మా?" అని అడిగాను. "నీళ్ళు ఎక్కుతాయి దిగుతాయి గదే, అందుకట్ల అగపడతాయి. మొగం కడుక్కో పో" అంది.

చిన్నమ్మ అత్త ఈరమ్మను నేను జేజి అని పిలిచేదాన్ని. ఇంటి పెత్తనం ఆమెది. వంగిన నడుముతో గుమ్మంలో కూర్చుని, ఒళ్ళో చాట పెట్టుకుని, గాలపు కొక్కేలను ఒక్కొక్కటే చింతపండుతో తోమేది. ఒడ్డున ఏం అనాలో ఏం అనకూడదో ఆమె నోటినుంచే రావాలి. వలకు పోయేవాణ్ణి "యాడికి" అని అడగకూడదు. తలదువ్వుకుంటూ నీళ్ళను చూడకూడదు. పాము అనకూడదు, పురుగనాలి. అది మాకు ఆళ్ళగడ్డలో కూడా ఉన్నదే, పొద్దుగూకితే ఎవరూ ఆ పేరెత్తరు. ఇవన్నీ జేజి నాకు కూర్చోబెట్టి చెప్పింది. ఒక్కటి మాత్రం చెప్పలేదు. ఆ పల్లెలో పుట్టిన పిల్లలకు అది పాలతో పాటు వస్తుంది, కాబట్టి బయటి పిల్లకు చెప్పాలని ఎవరికీ తట్టలేదు.

చిన్నమ్మ నన్ను ఊరికే కూర్చోనిచ్చేది కాదు. రెండో రోజే చేతికి గాలం ఇచ్చింది. సన్నటి వెదురుకర్ర, దారం, మధ్యలో జొన్నదంటు బెండు, కొసన కొక్కెం. ఎరకు ఎర్రలు, అంటే వానపాములు. వాటిని గుచ్చడానికి నాకు ఒళ్ళంతా జలదరించేది, కళ్ళు మూసుకుని గుచ్చి వేలికి గుచ్చుకునేదాన్ని. "ఎర్రను సూసి ఏడుస్తాండావే, అది గదా నిన్ను సూసి ఏడ్సాల్సింది" అని చిన్నమ్మ నవ్వేది. నీళ్ళలో అడుగు పెడితే కింద నాచు, ఆ నాచు కింద ఏముందో తెలియదు. ప్రతి అడుగూ ఎవరి వీపు మీదో వేస్తున్నట్టుండేది. జెల్ల పడితే దాని ముల్లు గుచ్చుకుని చెయ్యి మండేది. అయినా బెండు రెండుసార్లు వణికి చటుక్కున మునిగినప్పుడు, కర్రలోంచి ఆ బతికున్న బరువు చేతికి తగిలినప్పుడు, ఒక్క క్షణం భయం మరిచిపోయేదాన్ని. పట్టిన చేపలను మొప్పల్లోంచి తాడుకు గుచ్చి, ఆ తాడు నడుముకు కట్టుకుని నీళ్ళలోనే వదిలేవాళ్ళం, చేప చావకుండా ఉంటుందని. ఆ కట్టు మాత్రం చిన్నమ్మ రోజూ తానే కట్టేది. "జారుముడే ఎయ్యాల. నీళ్ళలో మనం కట్టుకున్నేది ఏదైనా ఒక్క గుంజుకు ఊడి రావల్ల" అనేది. ఎందుకని నేను అడగలేదు.

చిన్నమ్మ గాలం వేస్తే చూడాలి. పల్లెలో అంతటి చెయ్యి ఇంకొకరిది లేదు. పెదవులు బిగించి, బెండును కాక బెండు నీడను చూస్తూ నిలబడేది. కొంగు మూలన పసుపుకొమ్ము కట్టుకునేది, ముల్లు గుచ్చుకుంటే నూరి పెట్టడానికి. నడినీళ్ళలో చిన్నాయన పుట్టి ఆవగింజంత కనపడేది. మధ్యమధ్యలో ఆమె తలెత్తి ఆ ఆవగింజ ఉందో లేదో చూసుకుని మళ్ళీ బెండు వైపు తిరిగేది. అట్లా చూసుకోకుండా ఆమె ఒక్క చేప కూడా పట్టలేదు.

నాకు చెల్లెలు పుట్టిందని, తల్లీబిడ్డా బాగున్నారని ఆత్మకూరు బండివాడు కబురు తెచ్చాడు. రెండు మూడు రోజుల్లో మద్దిలేటి మామ వస్తాడని కూడా చెప్పాడు. ఆ కబురు విన్నప్పటి నుంచి నా చూపు నీళ్ళ మీదే. పుట్టిలో వస్తానన్నాడు కదా. మూడో రోజు పొద్దున, ఎండ ఇంకా పసుపుగానే ఉంది, చిన్నమ్మా నేనూ చేనులోకి దిగాం. నా తాడుకు అప్పటికే నాలుగు పరక చేపలు, ఒక చిన్న కొర్రమీను ఉన్నాయి. ఇంటికి పోతున్నానన్న సంబరంలో రోజూ నిలబడే చోటు కన్నా కొంచెం లోపలికి పోయాను. చిన్నమ్మ నా వెనక, ఒడ్డు పక్కన, కొక్కెంలోంచి జెల్లను తప్పిస్తోంది.

"సుంకీ" అంది. ఆ పిలుపు నాకు ఇప్పటికీ వినపడుతుంది. గట్టిగా లేదు. నిద్రపోయే బిడ్డ పక్కన మాట్లాడినట్టుంది. "సుంకీ, మామ వచ్చినాడు."

నా గుండె గంతేసింది. "యాడ?"

"అరవాకు. నీళ్ళ పక్క సూడు. ఆ మొద్దు కాడ."

చూశాను. పది బారల దూరంలో ఒక మొద్దు తేలుతోంది. పుట్టి ఎక్కడా లేదు. "నాకు అగపడల్యా. పుట్టి యాడుందీ?"

"మాట్లాడాకే. మామను సూసుకుంటానే మెల్లగ ఎనక్కి నడు."

అప్పుడు నాకు తెలిసిపోయింది, తెలిసిపోయిందనుకున్నాను. మామ దాక్కున్నాడు. మొద్దు వెనక నీళ్ళలో తల ముంచుకుని ఉన్నాడు, నేను దగ్గరికి పోగానే గుర్రుమని లేస్తాడు. చిన్నమ్మ కూడా ఆటలో చేరింది, అందుకే ఆ గొంతు. నాకు నవ్వు ఆగలేదు. గాలం కర్రతో నీళ్ళను ఠపీమని కొట్టాను. "మామా! అగపడినావులే! నీ తల అగపడతాంది!" అని అరుస్తూ ముందుకు నడిచాను.

"సుంకీ, నా తల్లీ, ఆ మామ మంచోడు కాదే. ఎనక్కి రాయే!"

మంచోడు కాదన్న మాట ఆ అక్కల నోట నేను ఎన్నిసార్లు విన్నాను! ఇంకా నవ్వాను. నీళ్ళు తొడల దాకా వచ్చాయి. మొద్దు మీద రెండు బుడిపెలున్నాయి. ఆ బుడిపెలు నన్ను చూస్తున్నాయి. నేను చూస్తుండగానే మొద్దు చప్పుడు లేకుండా, ఒక్క అల కూడా లేపకుండా, నీళ్ళలోకి దిగిపోయింది.

మొద్దు మునగదు కదా. ఆ పాటి నాకూ తెలుసు.

"మొసలే! మొసలి! మొసలి!"

ఆ అరుపు చిన్నమ్మదని కూడా నాకు అర్థం కాలేదు. గట్టు మీద కుక్కలు ఒక్కసారిగా మొరిగాయి. పక్క చేలల్లో గాలాలు వేస్తున్న ఆడవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ ఒడ్డుకు పరిగెత్తారు. నేను మాత్రం కదల్లేదు. కదలాలని లేక కాదు, కాళ్ళు నావి కాకుండా పోయాయి. నీళ్ళు నా చుట్టూ ఎప్పటిలాగే ఉన్నాయి, ఎండ పడి మెరుస్తున్నాయి, ఒక తూనీగ నా బెండు మీద వాలింది. ఆ మెరుపు కింద అది ఎక్కడుందో తెలియదు. ఎదురుగా ఉందా, పక్కన ఉందా, నా కాళ్ళ మధ్య ఉందా? వెచ్చగా తొడల వెంట ఏదో జారితే అదేననుకున్నాను. అది నా ఉచ్చే. చిన్నమ్మ నా దగ్గరికి వచ్చి ఆగలేదు, నన్ను దాటి ముందుకు పోయింది. నాకూ దానికీ మధ్యలో నిలబడి వెదురుకర్రతో నీళ్ళను బాదడం మొదలుపెట్టింది. రెండో చెయ్యి వెనక్కి చాచి నా జడ పట్టుకుని తన వీపుకు లాక్కుంది. అట్లాగే వెనక్కి వెనక్కి నడిచింది. సరిగ్గా అప్పుడే నా నడుమును ఎవరో పట్టి లాగారు. ఒక్క గుంజు. పొట్టలో పేగులు కదిలేంత గుంజు. జారుముడి ఊడింది. నడుము తేలికైంది.

ఒడ్డున బురదలో ఇద్దరం కూలబడ్డాం. తాడు లేదు, చేపలు లేవు, నా నడుము మీద వేలి వెడల్పున ఎర్రటి వాత ఉంది. చిన్నమ్మ నా కాళ్ళు పట్టుకుని వేళ్ళ దగ్గరి నుంచి పైదాకా తడిమింది, అన్నీ ఉన్నాయా లేవా అన్నట్టు. అరిచిన ఆడవాళ్ళు దూరంగా గట్టు మీద నిలబడ్డారు గానీ ఒక్కరూ దగ్గరికి రాలేదు. జేజి కర్ర పొడుచుకుంటూ దిగి వచ్చింది. నన్ను చూడలేదు. కోడలి మొహంలోకి చూసింది.

"పేరు తీసినావా?"

"తీసినా అత్తా."

"ఎన్నిసార్లు?"

"ఏమో. మూడనుకుంటా."

జేజి నడినీళ్ళ వైపు చూసింది. చిన్నాయన పుట్టి అక్కడ లేదు. పొద్దున్న ఉన్న ఆవగింజ లేదు. "నా కొడుకు నీళ్ళ మీద ఉండాడే" అంది, అంతే. కేకలు పెట్టలేదు, కొట్టలేదు. కొట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు గానీ నాకు ఆ పల్లె కట్టుబాటు తెలియలేదు, అది కూడా పక్కింటామె గుసగుసగా చెప్తే. నీళ్ళ ఒడ్డున దాని పేరు తీయకూడదు. తీస్తే పిలిచినట్టే, ఆ ఇంటివాళ్ళు నీళ్ళలో ఎక్కడున్నా అది వెతుక్కుంటూ పోతుంది. అందుకే దాన్ని మామ అంటారు. మేనమామ అయితే మేనకోడలికి కీడు చెయ్యడు కదా, ఆ నమ్మకంతో పెట్టుకున్న వరుస. మామ వచ్చినాడంటే ఆ పల్లెలో రెండేళ్ళ బిడ్డ కూడా నీళ్ళు వదిలి గట్టెక్కుతుంది. ఆళ్ళగడ్డ పిల్లను నేనొక్కదాన్నే ఎదురుపోయాను.

ఆ రోజంతా ఎట్లా గడిచిందో చెప్పలేను. పొయ్యి వెలిగించలేదు. చిన్నమ్మను ఒడ్డుకు పోనివ్వలేదు, గుమ్మంలో కూర్చోబెట్టారు. అక్కడి నుంచి నీళ్ళు కనపడవు. ఆమె గోడకు ఆనుకుని, పసుపుకొమ్మును గోటితో గీరుతూ కూర్చుంది. "వచ్చినాడా?" అని నన్ను అడిగేది. నేను గట్టు దాకా పోయి చూసి వచ్చి తల అడ్డంగా ఊపేదాన్ని. పోవడానికి కూడా భయమే, నీళ్ళు నన్ను గుర్తుపట్టి ఉంటాయని భయం. మధ్యాహ్నం దాటింది. మిగతా పుట్లు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. చిన్నాయన ఒక్కడే రాలేదు. జేజి గట్టు మీద రాయిలా నిలబడి ఉంది. వచ్చిన మగవాళ్ళు ఎవరూ ఆమెతో కళ్ళు కలపలేదు. నా వల్లనే అయిందని నాకు తెలుసు. చిన్నాయన రాకపోతే ఈ ఇంట్లో నన్ను ఏం చేస్తారు, నాయన వచ్చి తీసుకుపోతాడా, అమ్మకు ఎవరు చెప్తారు, ఇవే తిరుగుతున్నాయి బుర్రలో.

ఎండ వాలుతుండగా నీళ్ళ మీద నుంచి ఒక కేక వినపడింది. "సుంకీ! ఓ సుంకీ! మామ వచ్చినాడే!"

నేను ఎట్లా పరిగెత్తానో తెలియదు. ఇంట్లోకి పడి, ధాన్యం గాదె వెనక దూరి, గోనెసంచులు మీదికి లాక్కున్నాను. గట్టు మీద జేజి ఒక్క చావుకేక పెట్టి కూలిపోయిందట. ఆడవాళ్ళు గుండెలు బాదుకుంటూ పరిగెత్తారు. చిన్నమ్మ గుమ్మంలో లేచి నిలబడలేక గడపను పట్టుకుంది.

మద్దిలేటి మామే. చేపలమ్మడానికి డ్యాము వైపు రేవుకు పోయిన చిన్నాయన అక్కడ కలిశాడట. బావామరుదులు టీ తాగుతూ పొద్దు మరిచిపోయి, ఇద్దరూ కలిసి అదే పుట్టిలో వస్తున్నారు. మామ రాణిగారికి వినపడాలని పుట్టిలో నిలబడి అరిచాడు. ఒడ్డుకు చేరి చూస్తే ఊరు ఊరంతా ఏడుస్తోంది. జేజి లేచి కూర్చుని, కొడుకు తల నిమిరి, ఆ చేత్తోనే మామ చెంప పగిలేటట్టు ఒకటిచ్చిందట. "ఒరే సచ్చినోడా, నీకు ఈ వరుస ఎవుడు పెట్టినాడ్రా!" అంది. మామకు ఏమీ అర్థం కాలేదు. నన్ను గాదె వెనకనుంచి తీయడానికి వచ్చి, "సుంకీ, నేనే గదమ్మా" అన్నాడు. నేను ఆయన చెయ్యి కొరికాను. ఆయన మొహం చిన్నబోవడం సంచుల సందులోంచి చూశాను గానీ బయటికి రాలేకపోయాను. మర్నాడు ఆళ్ళగడ్డకు తిరిగి పోయేటప్పుడు పుట్టి ఎక్కనని ఏడిస్తే బండి కట్టారు. దారి పొడుగునా మామ ఒక్క పరాచికమూ ఆడలేదు.

చిన్నాయన క్షేమంగా వచ్చాడు గదా, అయినా జేజి కట్టుబాటు సడలించలేదు. "నీళ్ళు తీసేదాకా ఇది దిగగూడదు" అని చిన్నమ్మ గాలాన్ని దూలంలో దోపింది. చేపలు ఒడ్డుకు వచ్చే ఆ మంచి నాళ్ళన్నీ చిన్నమ్మ గట్టు మీద కూర్చుని ఇతరులు పట్టిన చేపలు కోసిందట. ఆ మరుసటేడు నీళ్ళు మళ్ళీ ఎక్కాయి. జేజే దూలంలోంచి గాలం తీసి ఇచ్చిందట. చిన్నమ్మ తీసుకోలేదు. ఆ తర్వాత జన్మలో గాలం పట్టలేదు.

నేను పెద్దదాన్నయ్యాను, పెళ్ళయింది, ఆళ్ళగడ్డలోనే అత్తారిల్లు. అక్కడ ఇంకో తిప్పలు. మొగుడి తండ్రిని మామ అని పిలవాలి కదా, నాకు నోరు వచ్చేది కాదు. ఆ రెండక్షరాలు పెదాల దాకా వచ్చేసరికి తొడలు చల్లబడేవి. "కోడలికి గొంతులో ముల్లిరుక్కున్యాదేమో" అని అత్త ఎత్తిపొడిచేది. చివరికి నేను ఆయన్ను నాయనా అని పిలిచాను. ఆయన ఎంత మురిసిపోయాడో, ఊరంతా చెప్పుకున్నాడు. అసలు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మద్దిలేటి మామను మాత్రం ఆయన పోయేదాకా "ఓయ్" అనే పిలిచాను, ఆయన దాన్నీ ఒక ముద్దుపేరు చేసుకున్నాడు.

ఇప్పుడు కాలం వేరు. నంద్యాలలో చిన్నమ్మ కూతురు చేపలు తెస్తే చెరువుల్లో పెంచిన చేపలే, అంగట్లోనే కోసి కవర్లో వేసిస్తారు. చేపకు కళ్ళున్నాయని కూడా పిల్లలకు తెలియదు. వెనకనీళ్ళ ఒడ్డుకు సెలవు రోజుల్లో కార్లేసుకుని పోతారట. ఒకరోజు చిన్నమ్మ మనవరాలు కాలేజీ నుంచి వచ్చి ఫోనులో ఒక వీడియో చూపించింది. ఎక్కడో స్నానాల రేవులో నీళ్ళ మధ్య రెండు బుడిపెలు, ఒడ్డున వందమంది. అందరూ ఫోన్లు పైకెత్తి "మొసలి! మొసలి!" అని ఈలలు వేస్తున్నారు. పిల్ల నవ్వుతోంది. నేను చిన్నమ్మ వైపు చూశాను. ఆమె మొహం గోడ వైపు తిప్పుకుంది. పిల్ల లోపలికి పోయింది.

ఇక ఉండలేక అడిగాను. "చిన్నమ్మా, జేజి ఆ ఒక్క ఏడే గదా దిగొద్దనింది. మళ్ళా గాలం ఎందుకు పట్టలేదు నువ్వు? నన్ను కాపాడిన చెయ్యి గదా అది."

"కాపాడినానని అందరూ అంటారు. నువ్వూ అంటావ్." ఆమె గోడతో మాట్లాడుతున్నట్టే అంది. "నువ్వు లోపలికి నడిచినప్పుడు ఎన్నడుగులు ఏసినావో తెలుసునా నీకు?"

"రెండో మూడో."

"నాలుగు." దుప్పటి కింది నుంచి చెయ్యి బయటికి తీసింది. ముడతలు పడిన వేళ్ళు ఒక్కొక్కటే మడిచింది. "ఒకటి ఏసినావు. మీ చిన్నాయన నీళ్ళ మీద ఉండాడని గుర్తొచ్చింది. రెండు. మా అత్త మొగం గుర్తొచ్చింది. మూడు. అది మొద్దేనేమో, ఉత్తపుణ్యానికి పేరు తీస్తానేమో అనుకున్యా. నాలుగోదానికి గూడా ఆ పేరు తియ్యల్యా సుంకీ. మాట ఈడనే ఉంది, నాలిక మీద. ఒకపక్క నువ్వు, ఒకపక్క ఆయప్ప. తూకం ఏస్తా నిలబడినా. అది మునిగినాక గదా అరిచింది."

నేను ఏదో అనబోయాను. ఆమె వినలేదు.

"మరుసటేడు గాలం చేతికిచ్చిరి. దిగితే బెండు మీద చూపు నిలుస్తాదా నాకు? పక్క చేలో పిల్లోల్లు నడుస్తాంటే అడుగులు లెక్కపెడతా ఉంటా. ఇప్పుడు గూడా ఈ మంచంలో పండుకోని అదే లెక్క." మడిచిన నాలుగు వేళ్ళ పక్కన బొటనవేలు ఒక్కటే నిలబడి ఉంది. దాన్ని నా మొహం ముందుకు తెచ్చింది. "ఐదోది గూడా ఏసింటే?"

అరిచావు కదా చిన్నమ్మా, నా ముందుకొచ్చి నిలబడ్డావు కదా అని చెప్పాలి నేను. ఆ మాట నా నోట్లోనే ఉంది. ఎందుకో నాకూ రాలేదు. ఆ బొటనవేలిని నా పిడికిట్లోకి తీసుకుని గట్టిగా పట్టుకున్నాను.